రెండో మనిషిలో నాలుగు

చిషాల్‌విట్స్ కొండ మీద ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి కాలు బెణికినా ముందు తోనిక్ గుమ్మం తొక్కాల్సిందే. మందుల గది తాళంచెవి పదిహేడేళ్ళుగా ఆమె ఎర్ర నడికట్టులోనే ఉంది. డాక్టరు పదిహేను రోజులకోసారి పట్నం నుంచి వస్తాడు, వచ్చిన రోజు మధ్యాహ్నం భోజనమైనా చెయ్యకుండా తిరుగు వ్యాన్ ఎక్కేస్తాడు. మిగతా పద్నాలుగు రోజులూ డాక్టరన్నా, నర్సన్నా, తిట్టి మందు మింగించే పెద్ద దిక్కన్నా తోనికే.

వయసెంతమ్మా అని స్పానిష్‌లో అడిగితే నలభై రెండంటుంది. సొంత భాష త్సోత్సిల్‌లో అడిగితే మూడో మనిషిలో రెండంటుంది. రెండూ ఒకటే. ఆ కొండ మీద పెద్దవాళ్ళ లెక్క వేళ్ళతో మొదలవుతుంది. చేతివేళ్ళూ కాలివేళ్ళూ అయిపోతే ఇరవై, ఒక మనిషి పూర్తయినట్టు. ఇరవై దాటగానే రెండో మనిషి గుమ్మంలోకి వస్తాడు. ఇరవై ఒకటంటే రెండో మనిషిలో ఒకటి. అంటే రెండో మనిషి వచ్చాడు గాని ఒక్క వేలే చాచాడన్నమాట. ఆయన కూడా ఇరవై వేళ్ళూ ఇచ్చేస్తే అప్పుడు ఇద్దరు మనుషులు, నలభై. ఎంత లెక్కపెట్టావన్నదాని కంటే ఎవరి వేళ్ళ మీద ఉన్నావన్నది ఆ భాషకు ముఖ్యం. తోనిక్ దీన్ని బళ్ళో నేర్చుకోలేదు. అమ్మమ్మ మగ్గం నడుముకు కట్టుకుని కూర్చుంటే, పక్కన చతికిలబడి ఎర్రపోగులు లెక్కపెడుతూ నేర్చుకుంది.

బళ్ళో నేర్చుకున్నది వేరు. ఏడేళ్ళప్పుడు, కింద మైదానాల నుంచి వచ్చిన కొత్త మాస్టారు ఇవాళ ఎంతమంది వచ్చారో లెక్కపెట్టి చెప్పమన్నాడు. తోనిక్ అందరి తలలూ లెక్కపెట్టింది. రెండో మనిషిలో పదిహేను వచ్చింది. స్పానిష్‌లో పదిహేనంటే కిన్సె అని తెలుసు, రెండంటే దోస్ అని తెలుసు. తెలిసినంతా పెట్టి ధైర్యంగా చెప్పింది, "కిన్సె, దోస్." మాస్టారు పడీపడీ నవ్వాడు. బోర్డు మీద 15, 2 అని రాసి, ఈ రెంటిలో ఏదో తేల్చేదాకా నిలబడమన్నాడు. మధ్యాహ్నం దాకా నిలబడింది. అప్పటికి వెనకబెంచీలోంచి మన్వెల్ అనేవాడు పేరు కూడా పెట్టేశాడు, కిన్సె-దోస్ అని. ఊరంతా అదే పిలుపు. ముప్పై అయిదేళ్ళు గడిచినా ఆ పేరు పోలేదు.

చెప్పొచ్చేదేమంటే, ఆ రోజు తోనిక్ లెక్క తప్పలేదు. గదిలో ముప్పై అయిదుగురున్నారు. ముప్పై అయిదే లెక్కపెట్టింది. ఆ సంగతి మాస్టారికి తెలియదు, తెలుసుకోవాలన్న బుద్ధీ పుట్టలేదు. అది తలచుకుంటే తోనిక్‌కు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ మంటతోనే ఎక్కాలు బట్టీ పట్టింది, స్పానిష్‌లో, పన్నెండో ఎక్కం దాకా. అందుకే ఇవాళ్టికీ మాత్రలు లెక్కపెట్టాల్సి వస్తే వేళ్ళు త్సోత్సిల్‌లో నడుస్తాయి. రోజుకు మూడు చొప్పున ఎనిమిది రోజులకెన్ని అంటే మాత్రం పెదవులు స్పానిష్‌లో కదులుతాయి. తొందరలో ఉంటే రెంటి మధ్యా ఒక్క క్షణం ఆగిపోతుంది. డాక్టరు ఓసారి ఇది గమనించి, "నీ తలలో ఇద్దరున్నారా తోనిక్?" అన్నాడు.

"ఉన్నారు డాక్టరుగారూ. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, అదే చిక్కు," అంది తోనిక్.

మందుల గది తన చేతికొచ్చిన రోజునే ఆమె ఒక పట్టు పట్టింది. ఈ గడప లోపల పెద్దవాళ్ళ లెక్కకు ఎవరూ నవ్వకూడదు. ముసలివాళ్ళకు ఏ అంకె చెప్పినా వాళ్ళ మనుషుల లెక్కలోనే, గౌరవంగా, నెమ్మదిగా చెప్పేది. మంచి పట్టే. కాని ఆ పట్టే ఓ పొద్దున ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది.

ఆ మనిషి రొమిన్ మామ. నాలుగో మనిషిలో ఎనిమిది ఆయన వయసు, అంటే అరవై ఎనిమిది. ఊరి దేవుడి కొలువులో మూడు పదవులు చేసినవాడు, స్పానిష్ ముక్క నోట రానివ్వనివాడు. అర్థం కాక కాదు. పట్నం ఆఫీసుల్లో కుర్రగుమాస్తాలు తనను 'నువ్వు' అన్నది ఆ భాషలోనే గనక దాని మీద అలిగాడు. పదవులు చేసిన రోజుల్లో ప్రతి మొక్కుకూ సీసాల కొద్దీ తీపి సోడాలు తాగి తాగి చక్కెర జబ్బు తెచ్చుకున్నాడు. రెండేళ్ళుగా రోజూ పొద్దున మొదటి రొట్టెకు ముందు ఇన్సులిన్ సూది. డాక్టరు చెప్పింది ఇరవై యూనిట్లు. "నాకు రోజుకో నిండు మనిషి కావాలి. అంత గొప్పవాణ్ణి," అని ఆయన అరుగు మీద కూర్చుని వేళాకోళం చేసేవాడు.

సూది వేసేది కోడలు యాదిరా. అత్త పెతు కంటిచూపు మసక, మగ్గం మీద పోగులు తడిమి నేస్తుంది గాని సిరంజి గీతలు కనపడవు. కొడుకు మార్కుష్ పూలలారీతో రాజధానికి పోతే పది రోజులకు గాని రాడు. యాదిరాకు పందొమ్మిదేళ్ళు, పెళ్ళయి ఆరు నెలలు. అమ్మానాన్నలు ఈ కొండవాళ్ళే గాని పిల్ల పుట్టకముందే పట్నం చేరారు. పిల్ల స్పానిష్‌లో పెరిగింది, స్పానిష్‌లో చదువుకుంది. త్సోత్సిల్ అంతా అత్తగారి వంటింట్లో, పొయ్యి దగ్గర ఏరుకున్నదే. చిన్న అంకెలు పది దాకా వచ్చు. ఆపైన ఎవరైనా ఏదైనా అంటే తలూపేది. నోరు విప్పి తప్పు మాట్లాడితే నీళ్ళ కుళాయి దగ్గర ఆడవాళ్ళు వారం రోజులు నవ్వుకుంటారని ఆమెకు బాగా తెలుసు.

ఆ బుధవారం సాయంత్రం డాక్టరు ఫోన్ చేశాడు. రొమిన్ రక్తపరీక్షలో చక్కెర దిగలేదు, ఇరవై నుంచి ఇరవై నాలుగుకు పెంచమన్నాడు. "నాలుగంటే నాలుగే తోనిక్. ఆయన తినేది పిట్ట తిండి. ఎక్కువ పడితే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, మనిషి మళ్ళీ లేవడు." మర్నాడు పొద్దున్నే తోనిక్ రెండు రోజుల శిక్షణకు పట్నం వెళ్ళాలి. వెలుగుండగానే గబగబా రొమిన్ ఇంటికి వెళ్ళింది.

మామ అరుగు మీద ఉన్నాడు. తోనిక్ తల వంచింది, ఆయన నుదుటి మీద చేయి తాకించి దీవించాడు. కోడలు లోపల పెనం మీద రొట్టె తిప్పుతోంది.

"మామా, డాక్టరు మందు పెంచాడు. రేపట్నించి రెండో మనిషిలో నాలుగు."

"రెండోవాడు కూడా దాపురించాడూ? ఒక్కణ్ణే మోయలేక చస్తున్నా."

"నాలుగు వేళ్ళే కదా, మోస్తావులే. సోడా తాగటం మానేస్తే వాడూ ఉండడు." తోనిక్ లోపలికి తొంగి చూసింది. "విన్నావా అమ్మాయ్?"

"విన్నానక్కా," అంది యాదిరా. కాసేపు ఆగి, త్సోత్సిల్‌లో కూడబలుక్కుని, "ఇద్దరు మనుషులు, నాలుగు," అంది.

తోనిక్ ముసిముసిగా నవ్వుకుంది. పట్నం పిల్ల, నాలుక తిరగడం లేదు, అయినా పాపం ప్రయత్నం చేస్తోంది అనుకుంది. 'రెండో మనిషిలో' అనడానికీ 'ఇద్దరు మనుషులు' అనడానికీ వాళ్ళ భాషలో మాట ముందు ఒక చిన్న 'ష్' తేడా. ఆ 'ష్' జారిపోయిందంతే అనుకుంది. మామూలుగా అయితే సిరంజి తెప్పించి గీత మీద వేలు పెట్టించేది, కాగితం మీద అంకె రాసిచ్చేది. ఆ సాయంత్రం కోళ్ళను ఎవరికి అప్పజెప్పాలా, తెల్లారుజామున వ్యాన్‌లో చోటు దొరుకుతుందా అని మనసంతా ప్రయాణం మీద ఉంది. "శభాష్," అని చక్కా వచ్చేసింది.

మర్నాడు ఆరింటికి వ్యాన్ బయల్దేరింది. లోపల క్యాబేజీ మూటలు, పూలకట్టలు, మోకాళ్ళకు మోకాళ్ళు. పైన్ చెట్ల మలుపు దగ్గర ఒక ముసలాయన ఎక్కాడు. కుర్ర డ్రైవరు ఊరుకోలేడు కదా, "ఎన్నేళ్ళు తాతా నీకు? ఆ మూట నువ్వే ఎత్తేశావే," అన్నాడు.

"నాలుగో మనిషిలో మూడు," అన్నాడు ముసలాయన గర్వంగా.

డ్రైవరు వేళ్ళు మడిచాడు, పెదవులు కదిపాడు. "నాలుగు ఇరవైలు, మూడు... ఎనభై మూడా? ఏం తింటున్నావు తాతా?"

వ్యాన్‌లో పెద్దవాళ్ళంతా ఘొల్లుమన్నారు. "ఒరేయ్, నాలుగోవాడు ఇంకా వచ్చి కూర్చోనే లేదురా, మూడు వేళ్ళే చాచాడు. ముసలాయనకు అరవై మూడు. ఇరవయ్యేళ్ళు ఊరికే మీదేశావు," అంది ఒకావిడ. అందరికంటే గట్టిగా నవ్వింది తోనిక్.

ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఇరవయ్యేళ్ళు ఊరికే మీదేశావు. ఇద్దరు మనుషులు, నాలుగు. యాదిరా ఆ మాట అన్నప్పుడు కాసేపు ఆగింది. ఎందుకాగింది? స్పానిష్‌లో ఆలోచించి, త్సోత్సిల్‌లోకి మార్చుకోవడానికి ఆగింది. స్పానిష్‌లో నలభై, నాలుగు అని పేరుస్తారు. మనిషంటే ఇరవై అని మామ వేళాకోళం వల్ల తెలిసిన ఆ పిల్ల ఇద్దరు మనుషుల్ని నలభై చేసి, పక్కన నాలుగు పెట్టుకుంది. త్సోత్సిల్‌లో పుట్టి పెరిగినవాళ్ళెవరూ నలభై నాలుగుని అలా అనరు, మూడో మనిషిలో నాలుగంటారు. అందుకే తోనిక్‌కు అది అంకెలా వినపడలేదు, ముద్దు మాటలా వినపడింది. యాదిరా నోట్లో అది వంకర మాట కాదు, నలభై నాలుగు యూనిట్ల ఇన్సులిన్.

తోనిక్ సంచీలోంచి ఫోన్ తీసింది. టైము చూసింది, ఏడుకు ఇరవై నిమిషాలుంది. మామ మొదటి రొట్టె ఏడింటికి తింటాడు. "ఆపు నాయనా, ఆపు," అని అరిచి, మూటల మీదుగా పాక్కుంటూ దిగిపోయింది. ఆమె సంచీ పట్నం వెళ్ళిపోయింది.

రొమిన్ ఇల్లు గుంటలో ఉంది, అక్కడ ఫోన్ మోగదు. కొండ నడుమున మన్వెల్ కొట్టు దగ్గర మోగుతుంది. అవును, ఆ వెనకబెంచీ మన్వెలే. ఇప్పుడతనికి కిరాణా కొట్టూ, కొట్టు మీద పెద్ద మైకు గొట్టమూ ఉన్నాయి. ఎవరి పంది తప్పిపోయినా, ఎవరికి ఫోన్ వచ్చినా, నీళ్ళ మీటింగైనా, చావైనా ఊరికి చెప్పేది ఆ గొట్టమే. మన్వెల్‌కు మైకు దొరికితే పెద్దల పద్ధతిలో ఒక్కో మాట రెండేసి సార్లు తిప్పి చెప్పడం సరదా.

"మన్వెల్, నేను తోనిక్‌ని. తొందరగా మైకు వెయ్యి."

"ఏమే కిన్సె-దోస్, అప్పుడే పట్నం చేరావా? నాకేమన్నా తెస్తున్నావా?"

"నోరు మూసుకుని విను. రొమిన్ మామ ఇంటికి చెప్పాలి. సూది వెయ్యొద్దు. అంకె తప్పు విన్నారు. చెప్పింది రెండో మనిషిలో నాలుగు, వాళ్ళు విన్నది..."

మన్వెల్ సగమే విన్నాడు. ఫోన్‌లోంచే మైకు గొంతు వినపడింది. "రొమిన్ గారి వాకిట్లో ఉన్నవాళ్ళారా, రొమిన్ గారి పొయ్యి దగ్గర ఉన్నవాళ్ళారా. వినండి, చెవులొగ్గండి. మందు రెండో మనిషిలో నాలుగట, నాలుగేనట రెండో మనిషిలో."

"అది కాదురా," అంది తోనిక్ ఏడుపు గొంతుతో. "ఆ మాటే కదా పిల్ల తప్పు విన్నది. మళ్ళీ అదే మాట చెప్తే మళ్ళీ అదే వింటుంది. త్సోత్సిల్‌లో వద్దు, స్పానిష్‌లో చెప్పు. సూది ఆపమను. నేను వచ్చేదాకా ముట్టుకోవద్దని చెప్పు."

"స్పానిష్‌లోనా? రొమిన్ గారు నా కొట్టు తగలబెడతారే."

"మన్వెల్, ఆయన చచ్చిపోతాడు."

మన్వెల్ గొంతు మైకులో మళ్ళీ వచ్చింది. ఈసారి స్పానిష్‌లో, తిప్పి చెప్పడాలేమీ లేకుండా, కంగారుగా ఉంది. అందులో తోనిక్‌కు అందింది రెండు మాటలే: "కిన్సె-దోస్..." అంతలో ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది.

ఆ రోడ్డు మీద నిలబడి తోనిక్ తల బాదుకుంది. మనుషులకు పేర్లుంటాయి. నలభై రెండేళ్ళ ఆడదాన్ని పేరు పెట్టి పిలవలేకపోయాడు ఆ దద్దమ్మ. ఆ ఇంట్లో సూది పట్టుకున్న పిల్లకు కిన్సె-దోస్ అంటే తోనిక్ అని ఎలా తెలుస్తుంది? వచ్చి ఆరు నెలలైంది, తనను అక్కా అనే పిలుస్తుంది. ఆ పిల్లకు అది పదిహేను, రెండు. ఇంకో అంకె. ఇప్పటికే ఉన్న అంకెల మీద ఇంకో అంకె.

పూలబుట్టలు దించి ఖాళీగా పైకి వస్తున్న ట్రక్కొకటి ఆగింది. తోనిక్ వెనక ఎక్కి, బుట్టల మధ్య నిలబడింది. అరగంట దారి. ఆ అరగంటలో ఆమె మొక్కని దేవుడు లేడు. రొమిన్ మామ చెమటలు పట్టి అరుగు మీద ఒరిగిపోయినట్టు, ఊరంతా ఆ పిల్ల చుట్టూ మూగినట్టు కళ్ళముందు ఆడింది. మామ పోతే అందరూ యాదిరానే అంటారు. పట్నం పిల్ల, భాష రాని పిల్ల, మామను చంపిన పిల్ల అంటారు. తనను ఎవరూ అనరు. ఆ మాట గుర్తొచ్చినప్పుడు తోనిక్‌కు భయం కంటే ఎక్కువ సిగ్గేసింది. బోర్డు పక్కన తను నిలబడ్డ చోటే ఇప్పుడు తన చేతులతో ఆ పిల్లను నిలబెట్టింది.

గుంటలోకి పరిగెత్తింది. వాకిట్లో కోళ్ళు మామూలుగా తిరుగుతున్నాయి. అరుగు మీద రొమిన్ మామ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు, ముఖం మాడ్చుకుని.

"వచ్చావా? ఈ ఇంట్లో నన్ను ఆకలితో చంపుతున్నారు," అన్నాడు. "సూది వేసేదాకా రొట్టె పెట్టదట. సూదేమో వెయ్యదట."

తోనిక్ అరుగు మీద కూలబడింది. లోపల బల్ల మీద ఎర్ర గుడ్డ, గుడ్డ మీద సిరంజి. నలభై నాలుగో గీత దాకా నిండుగా ఉంది. యాదిరా గోడకు ఆనుకుని నిలబడి ఉంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అత్త పెతు ఆమె చేయి పట్టుకుని కూర్చుంది.

"నేనేం చెయ్యలేదక్కా," అంది యాదిరా స్పానిష్‌లో. "నిన్న మీరు చెప్పినట్టే నింపాను. సూది పెట్టబోతుంటే మైకులో మామయ్య పేరు వినపడింది. మీరన్న మాటే మళ్ళీ అన్నారు. సరేనని సూది ఎత్తాను. ఇంతలో స్పానిష్‌లో 'కిన్సె-దోస్ వచ్చేదాకా ఆగండి' అన్నారు. పదిహేనా? రెండా? పదిహేడా? అంకె రావడమేంటి? నా దగ్గర నలభై నాలుగు ఉంది. అత్తయ్య ఇరవై చాలంటుంది. ఇన్నింట్లో ఏది నిజమో తెలియలేదు. ఏదో ఒకటి అనుకుని పొడిచేస్తే ఎలాగని భయమేసి కింద పెట్టేశాను."

తోనిక్‌కు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి వచ్చాయి. ముప్పై అయిదేళ్ళు ముల్లులా గుచ్చుకున్న ఆ పేరు ఈ పొద్దున ఒక సూదిని ఆపింది. పేరు పెట్టి పిలిచి ఉంటే, 'తోనికక్క పట్నం నుంచి రెండు రోజులకు గాని రాదు కదా' అని ఆ పిల్ల అనుమానం లేకుండా పొడిచేసేదేమో.

"కిన్సె-దోస్ అంకె కాదే పిచ్చిపిల్లా," అంది కళ్ళు తుడుచుకుంటూ. "నేనే."

సిరంజి తీసుకుంది. ఒక్కో గీతే వెనక్కి నెట్టి ఇరవై నాలుగు దగ్గర ఆపి, తనే మామకు వేసింది. అప్పుడు బోర్డు కథ మొదటిసారి ఒకరికి మొత్తం చెప్పింది. మాస్టారు నవ్విన సంగతి, మధ్యాహ్నం దాకా నిలబెట్టిన సంగతి, లెక్క మాత్రం తప్పని సంగతి.

"నీ లెక్కా తప్పలేదు," అంది యాదిరాతో. "నీ తలలో ఉన్న భాషలో అది నలభై నాలుగే. నేను నీకు చెప్పాల్సింది మామకు చెప్పాను. సూది పట్టేది నువ్వు, మాట ఆయనకు. తప్పు నాది."

"ఊళ్ళో ఎవరికీ చెప్పకండక్కా," అంది యాదిరా మెల్లగా.

"చెప్తాను. మన్వెల్ మైకులోనే చెప్తాను, తప్పు తోనిక్‌దని. ఎవతె నవ్వుతుందో నేనూ చూస్తాను."

రొమిన్ మామ ఇంతసేపూ రొట్టె ముట్టుకోకుండా వింటున్నాడు. స్పానిష్‌లో మాట్లాడుకున్నదంతా ఆయనకు అర్థమైందని అందరికీ తెలుసు, తెలియనట్టు ఊరుకోవడం ఆ ఇంటి మర్యాద.

"ఆ ఇరవై ఎక్కువ పడితే ఏమయ్యేది?" అన్నాడు.

"ఈపాటికి నీకు స్నానం పోయిస్తుండేవాళ్ళం మామా. నీకు తెలియకుండా."

ఆయన నవ్వలేదు. కోడలి వైపు చాలాసేపు చూశాడు. ఆరు నెలలుగా ఆ పిల్ల తన ఇంట్లో ఎన్ని మాటలకు అర్థం కాకుండా తలూపిందో ఆయనకు అప్పుడే తట్టినట్టుంది.

"అమ్మాయ్," అన్నాడు. "ఇవాళ నాకు వేసినదాన్ని మీ భాషలో ఏమంటారు?"

యాదిరా బెదిరిపోయి తోనిక్ వైపు చూసింది. తోనిక్ కళ్ళతోనే చెప్పమంది.

"బెయింతిక్వాత్రో, మామయ్యా."

"బె... బెయింతి..." రొమిన్ మామ దాన్ని నోట్లో అటూ ఇటూ తిప్పాడు. "రొట్టెలో రాయి వచ్చినట్టుంది. మళ్ళీ చెప్పు."

ఆ రోజు తోనిక్ శిక్షణకు వెళ్ళలేదు. మర్నాడు వెళ్ళి, పై అధికారి చేత చీవాట్లు తిని, సంచీ వెతికి తెచ్చుకుంది. అన్నమాట ప్రకారం ఆదివారం మన్వెల్ కొట్టు దగ్గర మైకు పట్టుకుని తన తప్పు తనే చెప్పింది, పనిలో పనిగా మన్వెల్‌ను ఊరందరి ముందూ నాలుగు తిట్టింది. అప్పటి నుంచి మందుల గదిలో ఒక కొత్త పద్ధతి పెట్టింది. ఏ అంకె చెప్పినా ముందు తను ఒక భాషలో చెప్తుంది, వినేవాళ్ళు ఇంకో భాషలో తిప్పి చెప్పి, వేళ్ళతో చూపించాలి. వేళ్ళు చూపించకపోతే మందు లేదు. తలూపితే అసలే లేదు. మొదట్లో విసుక్కున్నారు, తర్వాత అలవాటైంది. డాక్టరు చూసి ఏమిటిదని అడిగితే, "నా తలలో ఉన్న ఇద్దరికీ మాటలు కలిపాను," అంది.

యాదిరా ఇప్పుడు మధ్యాహ్నాలు అత్తగారి పక్కన మగ్గం నేస్తుంది. పెతు తడుముకునే వేళ్ళతో కోడలి వేళ్ళను పోగుల మీద నడిపిస్తూ, ఒక మనిషి అయిపోయాడు, రెండోవాడు వచ్చాడు, ఇంకా కూర్చోలేదు అంటూ లెక్కపెడుతుంది. కోడలు తప్పితే ఇద్దరూ నవ్వుకుంటారు. ఆ నవ్వులో యాదిరా గొంతే గట్టిగా వినపడుతుంది.

పొద్దున ఏడు కాకముందే తోనిక్ మందుల గది తెరవడానికి ఆ గుంట పక్క దారినే వెళుతుంది. అరుగు మీద మామ చొక్కా ఎత్తి కూర్చుని ఉంటాడు. కోడలు సిరంజిని వెలుగుకెత్తి గీతలు చూస్తుంది.

"రెండో మనిషిలో నాలుగు, మామయ్యా," అంటుంది యాదిరా, ఆ 'ష్'ని ఎక్కడా జారనివ్వకుండా.

రొమిన్ మామ బొటనవేలు మడిచి నాలుగు వేళ్ళు చూపిస్తాడు. ఊరికి మూడు పదవులు చేసిన మనిషి, ఇన్నేళ్ళుగా స్పానిష్ మాట పలకని మనిషి, గొంతు సవరించుకుని, "బెయింతిక్వాత్రో, అమ్మా," అంటాడు.

దారిలో నిలబడి తోనిక్ ఆ రెండు మాటలూ వింటుంది. రెండూ విన్నాకే అక్కణ్ణుంచి కదులుతుంది.